జీపు సీటు క్రింది పెట్టె



కొండమీది సంఘములకు పోవు జీపులో సీటు క్రింద ఒక ఇనుప పెట్టె యుండును. పానాలు, సుత్తి, ఫ్యాన్ బెల్టు, పాత ట్యూబు ముక్కలు, ఇనుప తీగ, ఇట్టివి దానిలో నుండును. ఈ పెట్టెనుగూర్చి సంఘపెద్ద యొకరు మమ్ము నొక ప్రశ్న అడిగిరి. "అయ్యగారూ, బయలుదేరకమునుపు ప్రార్థన చేసికొనుచున్నాము గదా. దేవుడు క్షేమముగా చేర్చునని నమ్మియే ఆమేన్ అనుచున్నాము. మరి ఆమేన్ అన్న నోటితోనే, బెల్టు పెట్టితివా, జాకీ పెట్టితివా అని డ్రైవరును అడుగుట యేమి? బండి చెడిపోవునని ముందుగానే నమ్మినట్లు కాదా?"

ఈ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. అడిగినవారు సోమరి కారు. వానలలో ఆరు మైళ్ళు నడిచి ఆరాధనకు వచ్చు మనుష్యుడు. పైగా ఆయన మాటలో ఒక సత్యము కలదు. జాగ్రత్త అను పేరు పెట్టి భయమునకు మ్రొక్కువారు మనలో లేకపోలేదు. కాబట్టి ఈ నెల మనము ఆ పెట్టె మూత తీసి, లోపల నున్నవాటిని వాక్యపు వెలుగులో చూతము.

ఏజెన్సీ త్రోవలు ఎరిగినవారికి ఈ వస్తువులనుగూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. ఎరుగనివారి నిమిత్తము కొంచెము చెప్పుదుము. ఫ్యాన్ బెల్టు అనునది చేతిలో ఇమిడిపోవు రబ్బరు పట్టీ. పాత జీపులలో నీళ్ళ పంపును, ఫ్యానును, కరెంటు పుట్టించు డైనమోను త్రిప్పునది అదే. అది తెగినయెడల ఘాటు ఎక్కుచున్న ఇంజను కొంతసేపటికే కాగిపోవును. అట్లే నడిపినచో పెద్ద ఖర్చు పుట్టును. రేడియేటరు గొట్టము పగిలినప్పుడు, చీల్చిన ట్యూబు రబ్బరును బిగించి చుట్టి తీగతో కట్టినయెడల నెమ్మదిగా ఊరు చేరవచ్చును. రాయి తగిలి పెట్రోలు ట్యాంకు కారుచున్నప్పుడు బట్టల సబ్బును ఆ చీలికపై గట్టిగా రుద్దుదురు. అది కొంతసేపు నిలుచును. కమాను పట్టీ విరిగిన బండికి చెక్క దుంగను ఆనించి మోకుతో కట్టి, మనిషి నడక వేగమున తీసికొని వచ్చిన డ్రైవర్లను మేమెరుగుదుము. జాకీ ఉన్నంత మాత్రమున చాలదు, దాని క్రింద పెట్టుటకు మందమైన పలక యుండవలెను. లేనియెడల బురదలో బండి పైకి లేచుటకు మారుగా జాకీయే క్రిందికి పోవును.

ఇవి మోటారు వచ్చిన తరువాత పుట్టిన ఆలోచనలు కావు. మన తాతలు ఎడ్లబండి కట్టి దూరపు సంతకు పోవునప్పుడు కందెన, అదనముగా ఒక కడచీల, ఒక మోకు పెట్టుకొనక కదలెడివారు కారు. కడచీల ఊడిన బండి చక్రము ఎటు పోవునో వారికి తెలియును. వారిని అవిశ్వాసులని ఎవరును అనలేదు.

జీపును మొదట చేసినవారును ఆలాగే తలంచిరి. 1941లో సైన్యము కొరకు చేయబడిన విల్లీస్ జీపు ప్రక్కన గొడ్డలియు పారయు పట్టీలతో కట్టబడియుండెడివి. వెనుక అదనపు చక్రమును, నూనె డబ్బాకు చోటును ఉండెడివి. త్రోవ లేనిచోట త్రోవ చేసికొనవలసిన బండి గనుక పార దాని శరీరములో నొక భాగమాయెను. ఇశ్రాయేలు సైనికుడు తన ఆయుధములతోకూడ నేల త్రవ్వుటకు ఒక పనిముట్టు మోయవలెనని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో ధర్మశాస్త్రము నియమించినది. అది పాళెముయొక్క పరిశుభ్రతకొరకు. దేవుడు తమ పాళెములో సంచరించుచున్నాడను హేతువుచేతనే ఆ పనిముట్టు మోయవలెనని అక్కడ వ్రాయబడియున్నది. దేవుడు మాతో ఉన్నాడు గనుక పనిముట్టు అక్కరలేదని మనమందుము. దేవుడు మీతో ఉన్నాడు గనుక పనిముట్టు పట్టుకొనుడని ధర్మశాస్త్రమనుచున్నది.

స్టెప్నీ అను మాటను మన డ్రైవర్లందరు వాడుదురు గాని అది ఎక్కడి మాటయో తలంచరు. మొదటి మోటారు కార్లకు అదనపు చక్రము లేదు. టైరు పగిలినప్పుడు దారిలో కూర్చుండి దానిని ఊడదీసి అతుకు వేసికొనవలసినదే. 1904లో వేల్సు దేశమందలి లనెల్లి అను పట్టణములో థామస్ మోరిస్ డేవీస్ అనునతడు, పగిలిన చక్రముపైననే తగిలించుటకు వీలగు ఒక అదనపు చక్రమును కనిపెట్టెను. ఆ పనిశాల యున్న వీధి పేరు స్టెప్నీ వీధి. ఆ వీధి పేరు సముద్రములు దాటి వచ్చి మన టైర్ల అంగళ్ళలో నిలిచిపోయినది. మాకు ఈ సంగతిలో మరియొక ఆశ్చర్యము కలదు. అదే 1904వ సంవత్సరమున, లనెల్లికి కొద్ది మైళ్ళ దూరములోనున్న లోఘర్ అను ఊరి మోరీయా ప్రార్థనాలయములో ఇవాన్ రాబర్ట్సు అను యువకుని ద్వారా వేల్సు ఉజ్జీవము చెలరేగెను. దాని వేడి మరుసటి యేటనే మన దేశమందలి ఖాసీ కొండలకు సోకినది. ఒకే ప్రాంతములో ఒకే యేట కొందరు మోకాళ్ళూని రాత్రులు గడిపిరి, ఒకడు చక్రమునకు మారు చక్రము చేసెను. మొదటివారి పని ఆత్మసంబంధమనియు రెండవవాని పని అవిశ్వాసమనియు చెప్పుటకు మాకు ధైర్యము చాలదు.

అయినను ప్రభువు శిష్యులను పంపినప్పుడు సంచి వద్దనలేదా? అనెను. లూకా 9వ, 10వ అధ్యాయములు చూడుడి. ఆ వచనములను పట్టుకొని మాతో వాదించువారు, దయచేసి అదే లూకా 22వ అధ్యాయము 35, 36 వచనములను కూడ చదువవలెను. ఆ రాత్రి ప్రభువు, అప్పుడు మీకేమైన తక్కువైనదా అని అడిగి, ఏమియు తక్కువకాలేదను జవాబు వారి నోటనే పలికించి, తరువాత ఇప్పుడైతే సంచి గలవాడు దానిని తీసికొనవలెనని సెలవిచ్చెను. మొదటి ప్రయాణము ఇంటింట అతిథులుగా చేర్చుకొనువారున్న గలిలయ పల్లెలకు. రెండవది ద్వేషించువారి మధ్యకు. సంచి పాపము కాదు, సంచి లేకపోవుట పుణ్యమును కాదు. పంపువాడు ఏ ప్రయాణమునకు ఏది చెప్పెనో అదియే విధేయత. మన్నా సంగతియు ఇట్టిదే. దినదినము కూర్చుకొనవలసినదానిని మరునాటికి దాచినప్పుడు పురుగుపట్టెను. ఆరవ దినమున రెండంతలు కూర్చి దాచినప్పుడు పట్టలేదు. దాచుట రెండుసారులు ఒక్కటే.

అయితే ఈ విషయమునకు వేదములో అన్నిటికంటె తగిన భాగము అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమని మా తలంపు. అది ఓడప్రయాణపు కథ యనుకొని త్వరగా చదివి వదలివేయుదుము. నిదానించి చదువుడి. తుపాను పట్టగానే నావికులు ఓడ చుట్టు త్రాళ్ళు బిగించి కట్టిరి. ఆ త్రాళ్ళు సముద్రముమీద దొరకలేదు. రేవులోనే ఎవరో ఎక్కించిరి. అర్ధరాత్రి తీరము దగ్గరపడగా ఓడ వెనుకనుండి నాలుగు లంగరులు వేసిరి. నాలుగు! ఇంతలో పౌలునకు దేవదూత ప్రత్యక్షమై, ఓడలోనున్నవారిలో ఒక్క ప్రాణమైనను పోదని చెప్పియుండెను. ఓడలో 276 మంది. ఇంతకంటె స్పష్టమైన వాగ్దానము మనలో ఎవరికి దొరికినది? అట్లయినను నావికులు పడవ దింపుకొని పారిపోజూచినప్పుడు పౌలు ఏమి చేసెను? వాగ్దానమున్నది, పోనిండు అనెనా? ఈ మనుష్యులు ఓడలో నుండకపోయినయెడల మీరు తప్పించుకొనలేరని శతాధిపతితో చెప్పెను. వాగ్దానము పొందినవాడే పనివారిని నిలిపెను. ప్రాణములు కాపాడబడునని దేవుడు చెప్పినప్పుడు, ఓడ నడుపు చేతులును ఆ మాటలో చేరియున్నవని అతడు గ్రహించెను. కాబట్టి ఆమేన్ అనిన నోటితో జాకీ యున్నదా అని అడుగుట ఎదురుమాట కాదని మా పెద్దగారికి మనవి చేసితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, ఆ లంగరుల లెక్క తానెన్నడు గమనింపలేదనిరి.

ఇంతవరకు చెప్పినది విని, పెట్టె ఎంత పెద్దదైన అంత మంచిదని ఎవరును అనుకొనకూడదు. ఆ అధ్యాయములోనే మూడవ దినమున ఓడ సామగ్రిని తమ చేతులారా సముద్రములో పారవేసిరి. తరువాత గోధుమలను పారవేసిరి. కడపట ఆ నాలుగు లంగరులను సహా త్రాళ్ళు కోసి విడిచిపెట్టిరి. ఒక దినమున ప్రాణము నిలిపినది మరియొక దినమున ప్రాణము తీయగలదు.

రాతి త్రోవలలో బరువు అను మాటను తేలికగా తీసికొనరాదు. 1929, 1930, 1932 సంవత్సరములలో రాల్ఫ్ బాగ్నోల్డు అను ఇంగ్లీషు సైనికోద్యోగి కొద్దిమంది స్నేహితులతో ఫోర్డు కార్లెక్కి, బావులు లేని లిబియా ఇసుక ఎడారిలో వందల మైళ్ళు తిరిగెను. ఇసుకలో చక్రము దిగబడినప్పుడు దాని క్రింద పరచుటకు ఇనుప పట్టాలు మోసికొనిపోయిరి. రేడియేటరులో మరుగు నీటి ఆవిరి వృథాగా పోకుండ గొట్టము ద్వారా ఒక డబ్బాలోని నీటిలోనికి పంపి, చల్లారినప్పుడు మరల అదే నీరు లోపలికి పీల్చుకొనునట్లు చేసిరి. 1940లో అతడు ఆ ఎడారిలోనే సైన్యము కొరకు ఒక దళమును కూర్చినప్పుడు, లారీల తలుపులు, పైకప్పులు, ముందటి అద్దములు తీసివేయించెను. పెట్రోలు, నీరు, విడిభాగములు మోయుటకొరకు తలుపులు విడిచిరి! ఏది మోయవలెనో తెలిసినవాడు ఏది విడువవలెనో కూడ తెలిసికొనవలసివచ్చెను.

ఇంకొక ప్రక్క మేము చూచిన ఒక బండి. దాని యజమాని మిక్కిలి జాగ్రత్తపరుడు. రెండు స్టెప్నీలు, రెండు జాకీలు, ఒక విడి కమాను కట్ట, తినుబండారముల పెట్టె. వెనుక సీటులో మనుష్యులకు చోటు లేదు. త్రోవలో నిండు గర్భిణి యొకతె తన అత్తతో నిలిచి చేయి ఎత్తగా, చోటు లేదని చెప్పవలసివచ్చినది. మరియు ఆ బరువుకే గుంటలో పడినప్పుడు కమాను పట్టీలు విరుగును. విరుగునను భయముతోనే విడి కట్టను మోయుట. జాగ్రత్తకు లెక్క యుండును, ఒకచోట చాలు అనును. భయము అట్లనదు. ఒక వస్తువును పెట్టెలో వేయకమునుపు, ఇది లేనందున దారిలో ఎవరికి నష్టము, ఇది ఉన్నందున ఎవరికి చోటు తక్కువ అను రెండు ప్రశ్నలను అడుగుకొనుట మేలని మాకు తోచుచున్నది.

పనిముట్టున్నను పని తెలియకపోయిన సంగతి కొంచెమే చెప్పుదుము. పాత విల్లీస్ జీపుల ఎడమవైపు చక్రముల నట్లు తక్కినవాటికి ఎదురుగా తిరుగును. ఎరుగనివాడు విప్పుచున్నాననుకొని బిగించుచు బోల్టు విరుగగొట్టును. గాలి లేని స్టెప్నీనిగూర్చి మీకు వేరుగా వ్రాయనేల? ఏడాదికొకసారి క్రిస్మసుకు మాత్రము తెరచిన బైబిలువలె అది బండి వెనుక అలంకారముగా నుండును. 2020లో మన దేశపు మోటారు నియమములు మారి, ట్యూబులేని టైర్లు, గాలి తగ్గినప్పుడు తెలుపు సాధనము, రంధ్రము పూడ్చు కిట్టు ఉన్న చిన్న కార్లకు స్టెప్నీ లేకున్నను చెల్లునని ఏర్పడినది. పట్టణపు రోడ్డుమీద అది సరియే. మేకు గ్రుచ్చిన రంధ్రమును ఆ మందు పూడ్చును. మన కొండత్రోవలో బండరాయి టైరు ప్రక్కను కోసినప్పుడు పూడ్చలేదు. ఎవరి త్రోవకు తగినట్లు వారు సిద్ధపడవలెను.

ఇప్పుడు మిక్కిలి కష్టమైన ప్రశ్నకు వచ్చుచున్నాము. నేను మోసికొని వచ్చినది ఎవరిది?

రెండేండ్ల క్రిందట వానకాలములో మేము సంస్కారపు ఆరాధనకు కొండమీదికి పోవుచుండగా, త్రోవలో ఒక అద్దె జీపు నిలిచిపోయియుండెను. జ్వరముతో తెలివితప్పిన బిడ్డను పాడేరు ఆసుపత్రికి దింపుచున్నారు. ఫ్యాన్ బెల్టు తెగినది. ఫోనుకు అక్కడ సిగ్నలు అందదు. ఇంజను మా దానివంటిదే. మాయొద్ద అదనపు బెల్టు ఒక్కటే. మా డ్రైవరు తమ్ముడు మెల్లగా, "అయ్యగారూ, మనది తెగితే? పైన నలువది మంది కాచుకొనియున్నారు" అనెను. బెల్టు ఇచ్చితిమి. మా బెల్టు ఆ దినమున తెగలేదు. దీనిని అద్భుతముగా మేము చెప్పుటలేదు. తెగియుండినను ఇచ్చుట తప్పు కాకపోవును. ఫలితమును చూచి నీతిని నిర్ణయింపరాదు.

తరువాత కమిటీలో చర్చ వచ్చినది. ఒకరు, బుద్ధిగల కన్యకలు తమ నూనె ఇయ్యలేదు గదా, ఆ అద్దె డ్రైవరు తన బెల్టు తాను తెచ్చుకొనవలసినది కాదా అనిరి. ఇది బలమైన మాట. అయితే ఆ ఉపమానములోని నూనె పెండ్లికుమారుని రాకకు సిద్ధపాటు; ఒకని సిద్ధపాటు మరియొకని కియ్యబడదు. నా విశ్వాసముతో నీవు రక్షింపబడలేవు. త్రోవలో పడియున్నవానినిగూర్చి ప్రభువు వేరొక ఉపమానము చెప్పెను, దానిలోను నూనె యున్నది! సమరయుడు గాయములలో నూనెయు ద్రాక్షారసమును పోసెను. ఆ నూనె అతనికి ఎక్కడిది? యెరికో త్రోవలో అంగడి లేదు. తన ప్రయాణముకొరకు తాను తెచ్చుకొన్నది. గాయపడినవానిని తలంచి తేలేదు, తనకొరకే తెచ్చుకొనెను. త్రోవలో అది మరియొకనిదాయెను. వట్టిచేతులతో బయలుదేరియుండినయెడల జాలి మాత్రమే పోయగలిగియుండును.

అందువలన, ఏమియు పట్టుకొనక దేవుని నమ్మి బయలుదేరితినని చెప్పువానిని మేము మర్యాదతో ఒకటి అడుగుదుము. బండి ఆగినప్పుడు నీవు ఎవరి పెట్టెవైపు చూతువు? నీకొరకు రాత్రివేళ ఎనిమిది మైళ్ళు నడిచి మెకానికును పిలుచుకొని వచ్చువాడు ఎవని కుమారుడు? దేవునిమీద అనుకొనిన భారము తరచుగా పొరుగువాని భుజముమీద దిగుచున్నది.

గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో పౌలు రెండవ వచనమున ఒకరి భారములు ఒకరు మోయవలెననియు, అయిదవ వచనమున ఎవని బరువు వాడే మోయవలెననియు వ్రాసెను. మూడు వచనముల మధ్య మాట మార్చెనా? గ్రీకు భాషలో ఆ రెండు మాటలు వేరు. మొదటిది బారోస్, అణగద్రొక్కు భారము. రెండవది ఫొర్తియోన్, ఒక్కొక్కడు మోయదగిన మూట. మన అనువాదకులును భారము, బరువు అని రెండు మాటలు వాడి ఆ భేదమును కాపాడిరి. పానాల పెట్టె నా మూట; దానిని ఇతరులమీద వేయకూడదు. తెలివితప్పిన బిడ్డతో కొండమీద ఆగిపోవుట భారము. దానిక్రింద నా భుజము పెట్టక పోకూడదు. ఆ అద్దె డ్రైవరు అజాగ్రత్తవలన తేలేదో, బియ్యమునకు పోను బెల్టునకు డబ్బు మిగులక తేలేదో విచారించుటకు ఆ ఘాటుమీద మాకు సమయము లేదు. క్రిందికి వచ్చిన తరువాత విచారింపవచ్చును.

బిడ్డ మా బండిలోనే యుండి, ఆగినది విహారమునకు వచ్చినవారి కారై యుండినయెడల ఏమి చేయుదుము? అప్పుడు బెల్టు ఇయ్యము. త్రాగుటకు నీళ్ళిచ్చి, క్రింద ఊరిలో చెప్పి మనుష్యులను పంపుదుము. ఇట్టి లెక్క ప్రేమకు తగదని కొందరు అందురు. మేము అట్లు తలంచుట లేదు. ఇచ్చుటకు ఒక్కటే ఉన్నప్పుడు లెక్క చూడని ప్రేమ ఎవరినో విడిచిపెట్టును.

ఆ బెల్టు ఇంతవరకు తిరిగి రాలేదు. ఎలీషా దినములలో నీళ్ళలో గొడ్డలి పోగొట్టుకొన్నవాడు, అది అరువు తెచ్చినదని మొఱ్ఱపెట్టెను. ఆ డ్రైవరునకు అట్టి బాధ కలదో లేదో మేమెరుగము. క్రొత్తది కానుకలలోనుండి కొనవచ్చునా అని కోశాధికారి అడుగగా కమిటీవారు రెండు కొనుటకు ఒప్పుకొనిరి, ఒకటి మన బండికి, ఒకటి ఇచ్చుటకు. రెండవ జాకీ కావలెనను మాట వచ్చినది గాని, సీటులో ఒకరి చోటు పోవునని మానుకొనిరి. మోకు మాత్రము ఇంకను పొడవైనది తెప్పించిరి. స్టెప్నీలో గాలి చూచు పనిని శనివారము సాయంకాలములయందు చేయుదుమని యవ్వనస్థుల సమాజమువారు తీసికొనిరి.